మందుకు మందు పడనప్పుడు: సరిహద్దు ఊళ్ళ రోగులకూ వాళ్ళ వెంట ఉండేవాళ్ళకూ మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

మా నాన్నకి విశాఖపట్నంలో గుండె వాల్వు మార్చి చాలా ఏళ్ళయింది. అది లోహపు వాల్వు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఎసిట్రోమ్ బిళ్ళ వేసుకోవాలి, ప్రాణం ఉన్నంతకాలం. మేముండేది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో. ఒకసారి ఆయనకి దవడ పన్ను కింద చీము పట్టి మొహం వాచింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి ఒక్కరే వెళ్ళి చూపించుకున్నారు. చీముకి మెట్రోనిడజోల్, నొప్పికి డైక్లోఫెనాక్ రాసిచ్చారు. పంటి చీముకి మామూలుగా ఎవరైనా రాసేవే. ఐదో రోజు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే ఉమ్మి నిండా నెత్తురు. మధ్యాహ్నానికి విరేచనం తారులా నల్లగా అయింది. ఆసుపత్రిలో చేర్చి పరీక్ష చేయిస్తే, 2.5కీ 3.5కీ మధ్య ఉండాల్సిన ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క) 8 దాటింది. విటమిన్ కె ఇచ్చి, ప్లాస్మా ఎక్కించి, ఆరు రోజులకి ఇంటికి పంపారు.

నేను ఆసుపత్రి ఫార్మసీలో పని చేస్తాను. మందులు పంచే మనిషి ఇంట్లోనే ఇది జరిగింది. ఆ క్లినిక్‌లో "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని ఒడియాలో అడిగారట, నాన్న లేదన్నారు. అబద్ధం ఆడలేదు. ఏళ్ళ తరబడి వేసుకునే ఎసిట్రోమ్ ఆయన లెక్కలో మందు కాదు, అన్నం నీళ్ళలాంటిది. మందంటే ఈ వారం కొత్తగా వచ్చిన జబ్బుకి వేసుకునేది. ఈ మార్గదర్శి రాయడానికి ఆ ఒక్క "లేదు" చాలు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న తెలుగువాళ్ళకి ఇందులో ఇంకో చిక్కుంది. జ్వరానికి ఇక్కడి సర్కారు ఆసుపత్రి, గుండెకి విశాఖ, కిడ్నీకి శ్రీకాకుళం, పెద్ద జబ్బొస్తే బరంపురం మెడికల్ కాలేజీ. ఒక్క మనిషికి నాలుగు ఊళ్ళ చీటీలు ఉంటాయి. ఒక చోట రాసింది ఇంకో చోట కనపడదు. నాలుగు చీటీలూ కలిసేది రోగి ఒంట్లోనే.

పడకపోవడం అంటే ఏమిటి

ఇది రెండు దారుల్లో జరుగుతుంది. మొదటి దారి కాలేయానిది. మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు అక్కడ ఉంటాయి. మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ లాంటివి వాటిలో కొన్నిటి పనిని అడ్డుకుంటాయి. అప్పుడు రోజూ వేసుకునే బిళ్ళే, అదే మోతాదులో, ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దీనికి ఎదురు. అది ఎంజైముల్ని ఉరకలెత్తిస్తుంది, దాంతో మిగతా మందులు పని చెయ్యకముందే కరిగిపోతాయి.

రెండో దారిలో రెండు మందులూ ఒకే చోట దెబ్బ కొడతాయి. ఎసిట్రోమ్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, డైక్లోఫెనాక్ కడుపు లోపలి పొరను పుండు చేస్తుంది. పుండు పడింది, నెత్తురు ఆగదు. నాన్న విషయంలో ఈ రెండు దారులూ ఒకేసారి తెరుచుకున్నాయి.

ఇంట్లో ఉన్న మనిషి కంటే ఆసుపత్రిలో మంచం మీదున్న మనిషికి ప్రమాదం ఎక్కువ. మందులు ఐదుంటే వాటిలో జంటలు పది. మందులు పదైతే జంటలు నలభై ఐదు. పైగా ఆ మనిషి సరిగ్గా తినడు, కిడ్నీలు అలిసిపోయి ఉంటాయి, మందులు సగం నేరుగా నరంలోకే వెళ్తుంటాయి.

మొదటి మెట్టు: ఒక సంచి

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక్క సంచిలో వెయ్యండి. అన్నీ అంటే నిజంగా అన్నీ. బీపీ, సుగర్ బిళ్ళలు, థైరాయిడ్ బిళ్ళ, పీల్చే పంపు, కంటి చుక్కలు, గర్భం రాకుండా వేసుకునే మాల-ఎన్, ఆర్‌ఎంపీ డాక్టరు పొట్లం కట్టిచ్చిన రంగు రంగుల గోళీలు, సంతలో కొన్న మోకాళ్ళ నొప్పుల పొడి, కామెర్లకి పోయించుకున్న పసరు సీసా. నొప్పుల పొడుల్లో కొన్నిటిలో చెప్పకుండా స్టెరాయిడ్ కలుపుతారు. నెలల తరబడి అది తిని ఆసుపత్రిలో చేరి ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ పడిపోవచ్చు. కాబట్టి సిగ్గుపడకుండా అది కూడా సంచిలో వెయ్యండి.

బిళ్ళల్ని అట్టలోంచి తీసి డబ్బాలో పొయ్యకండి. దుకాణంలో పది బిళ్ళల అట్టని మూడుకి కత్తిరించి ఇస్తారు, ఆ మూడు బిళ్ళల వెనక చూస్తే పేరులో సగం అక్షరాలుంటాయి, గడువు తేదీ అసలుండదు. కౌంటరు దగ్గరకి అలాంటి ముక్కలు గుప్పెడు తెచ్చి "ఇవే వాడుతున్నాం బాబూ" అంటారు. ఏవో నాకెలా తెలుస్తుంది? కత్తిరించక ముందే నిండు అట్ట వెనక వైపు ఫోనులో ఫోటో తీసుకోండి. అర నిమిషం పని.

రెండో మెట్టు: ఒక కాగితం

సంచిలో ఉన్నవి ఒక కాగితం మీద రాయండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాయాలి. ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు, ఏ ఊళ్ళో రాశారు, ఎప్పట్నుంచి. ఈ పని ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకామెకి శ్రీకాకుళంలో టెల్మా-ఏఎం రాశారు. అందులో టెల్మిసార్టన్‌తో పాటు ఆమ్లోడిపిన్ కూడా ఉంది. ఇక్కడికొచ్చాక సర్కారు ఆసుపత్రి నిరామయ కౌంటర్లో ఉచితంగా ఆమ్లోడిపిన్ ఇచ్చారు. రెండు అట్టలు, రెండు రంగులు, రెండు పేర్లు. ఆమె రెండూ వేసుకుంది. కాళ్ళు వాచి, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోయింది. అసలు పేరు రాసి ఉంటే ఒకే మాట రెండు వరసల్లో కనపడేది.

పారాసిటమాల్‌ది కూడా ఇదే తంతు. జ్వరానికి డోలో 650 నాలుగుసార్లు వేస్తే 2,600 మిల్లీగ్రాములు. ఒళ్ళు నొప్పులకి కాంబిఫ్లామ్ మూడుసార్లు వేస్తే అందులోంచి ఇంకో 975. జలుబు బిళ్ళలో 500 చొప్పున మూడుసార్లు, 1,500. మొత్తం 5,075. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4,000 దాటకూడదు. తాగే అలవాటున్నవాళ్ళకి, తిండి సరిగ్గా లేనివాళ్ళకి అంత కూడా ఎక్కువే.

కాగితం కింద నాలుగు సంగతులు చేర్చండి: ఒంటికి పడని మందు ఏదైనా ఉందా, కిడ్నీ పరీక్షలో చివరిసారి క్రియాటినిన్ ఎంత వచ్చింది, గర్భం లేదా పాలిచ్చే తల్లా, తాగుడూ పొగా ఎంత. మగవాళ్ళు భార్య ముందు చెప్పరు, ఆడవాళ్ళు అత్తగారి ముందు చెప్పరు. రాసి చేతికిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది.

మూడో మెట్టు: చేర్పించేటప్పుడు

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. డిప్రెషన్‌కి ఫెనెల్జిన్ వాడుతుండేది. అక్కడ వణుకు తగ్గడానికి పెథిడిన్ సూది ఇచ్చారు. ఆ రెండు మందులూ కలవకూడనివి. మర్నాటికి ఆ పిల్ల లేదు. తండ్రి చేసిన పోరాటంతో న్యూయార్క్ రాష్ట్రంలో జూనియర్ డాక్టర్ల పని వారానికి 80 గంటలు దాటకూడదని నిబంధన వచ్చింది. అంత పెద్ద ఊళ్ళో అంత పెద్ద ఆసుపత్రిలో జరిగింది, కాబట్టి మన ఊరి డ్యూటీ డాక్టరు అన్నీ గుర్తుంచుకోవాలని వదిలెయ్యకండి. సంచీ కాగితమూ మీరే ఆయన బల్ల మీద పెట్టండి.

ఇక్కడ భాష అడ్డం వస్తుంది. మనలో పెద్దవాళ్ళకి ఒడియా బజారు వరకే వస్తుంది, జబ్బు చెప్పుకునేంత రాదు. సిస్టర్ "ఆఉ కిఛి ఔషధ ఖాఉఛంతి కి?" అంటే ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని. దానికి ఊరికే తల ఊపకండి, కాగితం చూపించండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే "రక్త పతళా కరిబా ఔషధ" అన్న నాలుగు మాటలు బట్టీ పట్టండి. కొత్త బిళ్ళ చేతిలో పెట్టినప్పుడు "ఏ దుఇటా ఔషధ ఏకాఠి ఖాఇలే చళిబ కి?" అని అడగండి, ఈ రెండూ కలిపి వేసుకుంటే పర్వాలేదా అని అర్థం. విసుక్కునేవాళ్ళు ఉంటారు. విసుక్కున్నా సరే, అడిగాక ఒకసారి చీటీ వైపు చూస్తారు. మనకి కావలసింది ఆ చూపే.

నాలుగో మెట్టు: మీ రోగి ఏ కోవలో ఉన్నాడో చూసుకోండి

పడని జంటలు వేలున్నాయి. అన్నీ గుర్తుంచుకోవడం నా వల్ల కూడా కాదు. మన వైపు వార్డుల్లో పదే పదే కనిపించేవి మాత్రం చెబుతాను.

రక్తం పలచబడే మందులు. ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ళకి నొప్పి బిళ్ళల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. మెట్రోనిడజోల్, సెప్ట్రాన్ అనే యాంటీబయోటిక్, ఫ్లూకొనజోల్ తప్పనిసరైతే మూడు నాలుగు రోజుల్లో ఐఎన్‌ఆర్ మళ్ళీ చూడాలి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మందుకి ఎదురు పని చేస్తుంది. మానక్కర్లేదు. కాకపోతే వారమంతా మానేసి ఆదివారం మునగాకు గిన్నెడు తినడం కాకుండా రోజూ ఒకేలా తినాలి. గుండెకి స్టెంట్ వేసి క్లోపిడోగ్రెల్ ఇచ్చినవాళ్ళకి గ్యాస్ బిళ్ళ కావాలంటే ఒమెప్రజోల్ కాకుండా పాంటాప్రజోల్ అడగండి. ఒమెప్రజోల్ ఆ మందు పదును తగ్గిస్తుంది.

కిడ్నీ. ఉద్దానంలో చుట్టాలున్నవాళ్ళకి ఈ జబ్బు గురించి నేను చెప్పక్కర్లేదు. మూడు మందులు కలిస్తే కిడ్నీకి గండం: బీపీకి వేసే రామిప్రిల్ లేదా టెల్మిసార్టన్, నీరు లాగే లాసిక్స్ లాంటి మందు, వాటి మీద ఒక నొప్పి బిళ్ళ. ఇవి రక్తం కిడ్నీలోకి వచ్చే దారినీ పోయే దారినీ లోపలి ఒత్తిడినీ ఒకేసారి పాడుచేస్తాయి. వాంతులూ విరేచనాలూ అవుతున్న మనిషికైతే రెండు మూడు రోజుల్లోనే మూత్రం తగ్గిపోవచ్చు. అలాగే జెంటామైసిన్, అమికాసిన్ సూదులకి లాసిక్స్ తోడైతే కిడ్నీతో పాటు చెవులు కూడా దెబ్బ తింటాయి. చెవుల్లో హోరు మొదలైందని రోగి అంటే తేలిగ్గా తీసుకోకండి.

రామిప్రిల్‌తో ఆల్డాక్టోన్ అనే నీరు లాగే బిళ్ళ కలిస్తే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. గుండె జబ్బుకి ఈ జంటని కావాలనే రాస్తారు, తప్పేం లేదు, కాకపోతే పరీక్షలు చేస్తూ ఉండాలి. అసలు చిక్కు చూడ్డానికి వచ్చేవాళ్ళతో. మన వైపు ఒట్టి చేతుల్తో ఎవరూ రారు, తలా రెండు కొబ్బరిబొండాలు తెస్తారు. కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. కిడ్నీ బాగోలేని మనిషికి, ఈ రెండు మందులూ వాడుతున్న మనిషికి ఆ బొండాం గుండెని ఆపెయ్యగలదు. ప్రేమతో తెచ్చినవాళ్ళని నొప్పించకుండా మీరు తాగెయ్యండి, రోగికి మాత్రం పొయ్యకండి.

సుగర్. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్ళకి సెప్ట్రాన్, సిప్రోఫ్లోక్సాసిన్ కలిస్తే సుగర్ బాగా పడిపోవచ్చు. మలేరియాకి క్వినైన్ ఎక్కిస్తే అది ఒంటరిగానే సుగర్ పడేస్తుంది. కొండ ప్రాంతాల నుంచి మలేరియాతో వచ్చే సుగర్ రోగులకి రాత్రి రెండు గంటలకి చెమటలు పట్టి మాట తడబడితే అది జ్వరం అనుకోకండి. వేలు గుచ్చి చూడమని సిస్టర్‌ని లేపండి.

ఆయాసం. డెరిఫిలిన్ మన వైపు మంచినీళ్ళలా వాడతారు. దాని మీద సిప్రోఫ్లోక్సాసిన్ పడితే డెరిఫిలిన్‌లో ఉన్న థియోఫిలిన్ ఒంట్లో నిలిచిపోతుంది. చేతులు వణుకు, గుండె దడ, వాంతులు, చివరికి ఫిట్స్. ఇంకొకటి చాలామందికి తెలీదు. పొగ తాగే మనిషికి థియోఫిలిన్ త్వరగా కరిగిపోతుంది. మన పల్లెల్లో అడ్డపొగ చుట్ట కాల్చే మామ్మలు ఉన్నారు కదా, వాళ్ళు వార్డులో చేరగానే చుట్ట ఆగిపోతుంది. అదే మోతాదు మందు వారంలో ఎక్కువైపోతుంది. అందుకే చుట్ట సంగతి కాగితంలో రాయమన్నాను.

టీబీ. రిఫాంపిసిన్ ఆరు నెలలు వాడినంతకాలం మాల-ఎన్ లాంటి బిళ్ళలు గర్భాన్ని ఆపలేవు. కాపర్-టీ గురించి అడగండి. సుగర్ బిళ్ళల పట్టు కూడా తగ్గుతుంది, హెచ్‌ఐవీ మందులకి మోతాదు మార్చాల్సి వస్తుంది. రెండు జబ్బులకీ రెండు చోట్ల మందు తీసుకునేవాళ్ళు ఈ సంగతి రెండు చోట్లా చెప్పి తీరాలి.

గుండె లయ. క్లోరోక్విన్, అజిత్రోమైసిన్, లీవోఫ్లోక్సాసిన్, వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్ ఒక్కొక్కటీ గుండె లయని కాస్త సాగదీస్తాయి. జ్వరమూ దగ్గూ వాంతులూ ఉన్న మనిషికి నాలుగూ ఒకే రోజు పడే అవకాశం నిజంగా ఉంది. ముందే గుండె జబ్బుంటే ఈసీజీ తీశారా అని అడగండి. ఛాతీ నొప్పికి నాలిక కింద పెట్టే సార్బిట్రేట్ ఇచ్చే ముందు, ఒకటి రెండు రోజుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి బిళ్ళ వేసుకున్నారా అన్నది డాక్టరుకి తెలియాలి. బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది. ఇది మగవాళ్ళకి ఒంటరిగా చెప్పండి.

తాగుడు. జీలుగు కల్లయినా ఇప్పసారా అయినా మందు మందే. నిద్రకి అల్ప్రజోలం, నొప్పికి ట్రమడాల్ లాంటివి వేసుకున్నవాడు దాని మీద తాగితే నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. సెఫోపెరజోన్ సూదులు పడుతున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. చివరి సూది అయ్యాక కూడా మూడు రోజులు ముట్టకూడదు.

ఐదో మెట్టు: మంచం పక్కన

కళ్ళతో చూసి పట్టుకోగలిగినది సెలైన్ గొట్టం. సెఫ్ట్రియాక్సోన్ సూదికీ కాల్షియానికీ పడదు. రింగర్ లాక్టేట్ సీసాలో కాల్షియం ఉంటుంది. 28 రోజుల లోపు పసికందుకి ఈ రెండూ కలిపి ఇవ్వడం ప్రాణాంతకం. పెద్దవాళ్ళకి ఒకే గొట్టంలో ఒకేసారి పోనివ్వకూడదు, మధ్యలో నార్మల్ సెలైన్‌తో కడగాలి. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్‌ని డెక్స్‌ట్రోజ్ సీసాలో కలిపితే తెల్లగా విరిగిపోతుంది, దాన్ని నార్మల్ సెలైన్‌లోనే కలపాలి. గొట్టంలో పాలలాంటి మబ్బు గానీ నలుసులు గానీ కనిపిస్తే మీరు చక్రం తిప్పకండి. సిస్టర్‌ని పిలిచి గొట్టం చూపించండి, నిమిషం కూడా ఆగకండి.

బిళ్ళల వేళలు కూడా గమనించండి. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ పాలతోనో ఐరన్ బిళ్ళతోనో గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ మందుతోనో మింగితే అవి కడుపులోనే బంధించబడి రక్తంలోకి ఎక్కవు. జ్వరం తగ్గట్లేదని ఇంకా పెద్ద మందు మొదలుపెడతారు, తప్పు గ్లాసు పాలది. థైరాయిడ్ బిళ్ళకీ ఐరన్, కాల్షియం బిళ్ళలకీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

కొత్త మందు మొదలైన గంటల్లో గానీ రెండు మూడు రోజుల్లో గానీ వీటిలో ఏది కనిపించినా చెప్పాలి: కొత్తగా మగత, తికమక మాటలు, చిగుళ్ళ నెత్తురు, నల్లని విరేచనం, కోలా రంగు మూత్రం, మూత్రం తగ్గడం, వణుకు, గుండె దడ, ఒంటి మీద దద్దుర్లు. ముసలివాళ్ళు తికమకపడితే వయసు అనేస్తారు. నిన్నటి దాకా మనవళ్ళ పేర్లు చెప్పిన మనిషి ఈ రోజు చెప్పలేకపోతే అది వయసు కాదు. నిన్నా ఈ రోజూ మధ్య ఏ మందు మారిందో అడగండి.

అనుమానం వచ్చిందని మందులన్నీ మీరే ఆపెయ్యకండి. ఫిట్స్ మందు, స్టెరాయిడ్, లోహపు వాల్వు వాళ్ళకి ఎసిట్రోమ్ సొంతంగా ఆపితే ఆపడమే ప్రమాదం.

ఆరో మెట్టు: డిశ్చార్జి రోజు

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, ఎందుకంటే అందరికీ బస్సు తొందర. డిశ్చార్జి కాగితం పట్టుకుని మూడు ప్రశ్నలకి జవాబు రాకుండా కదలకండి. పాత మందుల్లో ఏవి ఆపాలి? ఏవి మోతాదు మారాయి? కొత్తవి ఏవి, ఎన్ని రోజులు? మీ పాత కాగితం మీదే ఆపినవి అడ్డంగా కొట్టించుకోండి. ఇంటికొచ్చాక ఆపమన్న అట్టల్ని సంచిలోంచి తీసి పారెయ్యండి. డబ్బు పోసి కొన్నవని దాచుకుంటే నెల తర్వాత ఎవరో ఒకరు మళ్ళీ వేసుకుంటారు.

మందుల వల్ల కీడు జరిగిందని అనిపిస్తే చెప్పుకోవడానికి చోటుంది. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తుంది. 1800-180-3024 ఉచిత నంబరు, రోగి బంధువులు కూడా చెయ్యొచ్చు. అది ఎవరి మీదా కేసు కాదు. ప్రాణం మీదికొస్తే మాత్రం ముందు 108.

ఏడో మెట్టు: మందు ఆగిన తర్వాత

దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు, డాక్టర్లతో సహా. మందు మొదలుపెట్టినప్పుడే కాదు, ఆపినప్పుడు కూడా లెక్క మారుతుంది. మెట్రోనిడజోల్ ఉన్నందుకు ఎసిట్రోమ్ తగ్గించారనుకోండి. వారం తర్వాత మెట్రోనిడజోల్ కోర్సు అయిపోతుంది, తగ్గించిన ఎసిట్రోమ్ అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు అది చాలదు, వాల్వు మీద గడ్డకట్టొచ్చు. టీబీ రోగి సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. రిఫాంపిసిన్ ఉన్నన్నాళ్ళూ ఎసిట్రోమ్ పెంచుకుంటూ పోతారు. ఆరు నెలల కోర్సు అయిపోయిన రెండు వారాల్లో కాలేయం మామూలు వేగానికి వస్తుంది, పెంచిన మోతాదు నెత్తురు కారేంత ఎక్కువైపోతుంది. టీబీ తగ్గిందని ఇంట్లో మిఠాయి పంచుకునే రోజులవి, పరీక్షకి ఎవరూ వెళ్ళరు.

నాన్న ఇంటికొచ్చాక మొదటి వారంలో రెండుసార్లు, తర్వాత నెల రోజులు వారానికోసారి ఐఎన్‌ఆర్ చూపించాం. పన్ను తీయించిన రోజున ఆయనే జేబులోంచి కాగితం తీసి, డాక్టరు నోరు విప్పకముందే బల్ల మీద పెట్టారు.